మైన్లు తొలగించే నౌక లేని తీరం: రక్షణ శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రివర్యులకు, రక్షణ కొనుగోళ్ల మండలి సభ్యులకు, తెలుగు రాష్ట్రాల నుంచి ఎన్నికైన పార్లమెంటు సభ్యులందరికీ నమస్కరించి వ్రాస్తున్న లేఖ.

సముద్రంలో శత్రువు పరచిన మైన్లను, అంటే నౌకలను పేల్చడానికి నీటిలో దాచిపెట్టే బాంబులను, వెతికి తొలగించడం కోసమే కట్టిన నౌక భారత నౌకాదళంలో నేడు ఒక్కటి కూడా లేదు. 2019 ఏప్రిల్ 13న విశాఖపట్నంలో ఐఎన్ఎస్ కోజికోడ్‌ను సేవల నుంచి తప్పించిన నాటి నుంచి ఇదే స్థితి కొనసాగుతోంది. ఈ విషయాన్ని వివరిస్తూ నేను పంపిన వినతిపత్రాలకు అందినట్లు రశీదులు వచ్చాయే తప్ప జవాబు రాలేదు. అందువల్ల అందరి ముందూ వ్రాయవలసి వస్తున్నది. మైన్‌స్వీపర్ల మీద, అంటే మైన్లను ఊడ్చి తొలగించే నౌకల మీద, పనిచేసిన మాజీ నావికుడిని నేను. ఇందులో రహస్యమేదీ లేదు. నేను ప్రస్తావించే వివరాలన్నీ ప్రభుత్వ ప్రకటనల్లోనూ పత్రికల్లోనూ ఇదివరకే వచ్చినవి.

ముందుగా ఐఎన్ఎస్ కాకినాడ గురించి చెప్పనివ్వండి. ఆ పేరుతో మన నౌకాదళంలో రెండు నౌకలు పనిచేశాయి, రెండూ మైన్‌స్వీపర్లే. మొదటిది బ్రిటన్‌లో డర్వెస్టన్ అనే పేరుతో తయారై, 1956లో మనకు వచ్చిన టన్ తరగతి నౌక. అయస్కాంత మైన్లకు చిక్కకుండా ఉండేందుకు దాని దేహాన్ని చెక్కతో కట్టారు. దానితో పాటే కార్వార్, కడలూరు, కన్ననూరు వచ్చాయి. ఒడ్డుకు దగ్గరి నీటిలో పనిచేయడానికి తెచ్చుకున్న చిన్న మైన్‌స్వీపర్లలో ఒకదానికి మన భీమునిపట్నం పేరే పెట్టారు. ఆ ఊరిని ఇంగ్లీషువాళ్లు పిలిచిన పద్ధతిలో అది ఐఎన్ఎస్ బిమ్లీపటం అయింది. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లలోపే, చేతిలో డబ్బు ఏమాత్రం లేని రోజుల్లోనే, ఈ అవసరాన్ని నాటి ప్రభుత్వం గుర్తించిందన్న సంగతిని మీ దృష్టికి తేవడమే నా ఉద్దేశం.

రెండవ కాకినాడ 1986 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. సోవియట్ యూనియన్‌లో లెనిన్‌గ్రాడ్ ప్రాంతంలో కట్టిన నాట్యా తరగతి నౌక అది. 1978 నుంచి 1980 వరకు పాండిచ్చేరి, పోర్‌బందర్, బేడీ, భావ్‌నగర్, అలెప్పీ, రత్నగిరి అనే ఆరు నౌకలు, 1986 నుంచి 1988 వరకు కార్వార్, కాకినాడ, కడలూరు, కన్ననూరు, కొంకణ్, కోజికోడ్ అనే మరో ఆరు నౌకలు ఈ తరగతిలో మనకు అందాయి. అంటే ఒకప్పుడు రెండు తీరాలకూ కలిపి పన్నెండు నౌకలు ఉండేవి. ఒక్కొక్కటి సుమారు 61 మీటర్ల పొడవు, ఎనిమిది వందల టన్నులకు పైబడిన బరువు; అయస్కాంత ఛాయ, అంటే నౌక లోహం చుట్టూ కలిగే అయస్కాంత ప్రభావం, తక్కువగా ఉండేలా ప్రత్యేక లోహంతో కట్టినవి.

ఆ నౌకల మీద పని ఎలా ఉండేదో చెబితే తప్ప దానికి బదులుగా ఇంకేదీ ఎందుకు సరిపోదో అర్థం కాదు. లంగరుకు తాడుతో కట్టి నీటి మధ్యలో నిలబెట్టిన మైన్లు ఒక రకం. వీటి కోసం వెనుక డెక్కు మీది వించ్ నుంచి కోత పరికరాలు బిగించిన ఉక్కు తాళ్లను చాలా దూరం వరకు వదులుతారు. అవి నీటి లోపల రెండు పక్కలకూ విచ్చుకొని మైను తాడును కోస్తాయి, మైను పైకి తేలగానే తుపాకులతో పేలుస్తారు. రెండవ రకం అడుగున పడుకొని ఉండేది. అది నౌక తనకు తగలాలని చూడదు. పైనుంచి పోయే నౌక అయస్కాంత ఛాయను, ఇంజిన్ చప్పుడును, నీటి ఒత్తిడిలో వచ్చే మార్పును పసిగట్టి పేలుతుంది. దాన్ని మోసగించడానికి విద్యుత్తు ప్రవహించే కేబుళ్లను, శబ్దం పుట్టించే యంత్రాలను వెనుక లాగుతూ, పెద్ద నౌక ఒకటి పోతున్నట్లు భ్రమ కల్పించాలి. ఇటువంటి మైన్లలో లెక్కించే పరికరం కూడా ఉంటుంది. మొదటి కొన్ని నౌకలను పోనిచ్చి, ఆ తరువాతి నౌక కింద పేలేలా దాన్ని అమర్చవచ్చు. అందుచేత ఒకసారి ఊడ్చిన దారిని అదే వరుసలో మళ్లీ మళ్లీ ఊడ్చితే తప్ప అది సురక్షితమని ఎవరూ సంతకం చేయలేరు. ఆ తరువాతి తరం పద్ధతి వేట. నీటిలోకి శబ్దాన్ని పంపి వస్తువులను కనిపెట్టే హై ఫ్రీక్వెన్సీ సోనార్‌తో అడుగున ఉన్న ప్రతి వస్తువునూ చూసి, అది రాయో, పాత లంగరో, మైనో తేల్చుకొని, రిమోట్‌తో నడిచే వాహనాన్ని గానీ డైవర్‌ను గానీ దగ్గరకు పంపి, పక్కన పేలుడు పదార్థం పెట్టి ధ్వంసం చేస్తారు. ఈ పని చేసే నౌకనే మైన్ హంటర్ అంటారు, దాని దేహాన్ని సాధారణంగా ఫైబర్‌గ్లాస్‌తో కడతారు. ఇంజిన్లు చప్పుడు చేయకూడదు. ప్రవాహంలోనూ గాలిలోనూ ఒకే చోట కదలకుండా నిలబడగలగాలి. మామూలు గస్తీ నౌకకు పరికరాలు తగిలిస్తే ఈ లక్షణాలు రావు.

ఈ పన్నెండు నౌకలూ వయసు మీదపడి ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. కార్వార్, కాకినాడ 2017 మే నెలలో ముంబైలో ఒకే రోజున సెలవు తీసుకున్నాయి. కడలూరు 2018లో విశాఖలో సేవలు ముగించింది. చివరిదైన కోజికోడ్ ముప్పై ఏళ్లు దాటి పనిచేసింది. నౌక ముసలిదై వెళ్లిపోవడంలో ఎవరి తప్పూ లేదు, అది వెళ్లిపోయే రోజు ఎప్పుడో ముందే తెలిసి ఉండీ దాని స్థానంలో మరొకటి రాకపోవడం మాత్రం తప్పే.

ఎందుకు రాలేదో మీకు తెలుసు, కాని చదివే ప్రజలకు తెలియాలి. 2008లో ఎనిమిది నౌకల కోసం టెండర్లు పిలిచారు. రెండింటిని విదేశంలో, మిగిలిన ఆరింటిని గోవా షిప్‌యార్డులో కట్టాలని ఆలోచన. 2011లో దక్షిణ కొరియా సంస్థ ఒకటి తక్కువ ధరకు ముందుకు వచ్చింది. మధ్యవర్తుల ప్రమేయంపై ఆరోపణలు రావడంతో 2014లో ఆ ప్రక్రియనంతా రద్దు చేశారు. 2015లో పన్నెండు నౌకలనూ గోవా షిప్‌యార్డులోనే, విదేశీ సాంకేతిక సహకారంతో, సుమారు 32,000 కోట్ల రూపాయలతో కట్టాలని నిర్ణయించారు. ధర మీద, సాంకేతిక పరిజ్ఞాన బదిలీ మీద చర్చలు తెగక 2018లో అదీ ఆగిపోయింది. చివరకు 2025 జూలై 3న మీ మండలి సుమారు 1.05 లక్షల కోట్ల రూపాయల ప్రతిపాదనలకు అంగీకారం తెలిపినప్పుడు, వాటిలో మైన్లను ఎదుర్కొనే నౌకలు కూడా ఉన్నాయి. స్వదేశీ రూపకల్పనతో పన్నెండు నౌకలు, సుమారు 44,000 కోట్ల రూపాయలు అని పత్రికలు వ్రాశాయి. ఆ నిర్ణయానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుతున్నాను. అయితే అది అవసరం ఉన్నదని అంగీకరించడం మాత్రమే. అది టెండరు కాదు, ఒప్పందం కాదు. ఇదివరకు రెండుసార్లు ఇంతకంటే ముందుకు వెళ్లి కూడా వెనక్కి వచ్చాం. ఒప్పందం కుదిరిన తరువాత సైతం తొలి నౌక చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ ఖాళీ నౌకాదళం లోపలి వ్యవహారమని, ప్రజలకు దానితో పని లేదని అనుకునేవారు ఉన్నారు. ఆ భారం ఎవరి మీద పడుతుందో వరుసగా చెబుతాను.

1. ఓడరేవు మూతపడటానికి మైను పేలవలసిన అవసరం లేదు, ఉన్నదన్న అనుమానం చాలు. విశాఖ లోపలి రేవుకు డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా పోయే ఇరుకైన కాలువ ఒక్కటే దారి. సరుకు ఓడలూ, నౌకాదళ డాక్‌యార్డుకు చేరే యుద్ధనౌకలూ ఆ దారినే రావాలి, పోవాలి. అక్కడ ఒక్క మైను ఉన్నదని తెలిసినా, శుభ్రం చేసి హామీ ఇచ్చేవరకు ఏ కెప్టెనూ ఓడను కదపడు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ఇదే విశాఖ ముంగిట మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీకి అప్పగించిన పనుల్లో ఈ రేవు ముందు మైన్లు పరచడం ఒకటి. ఆ ఆలోచన శత్రువుకు యాభై ఏళ్ల కిందటే వచ్చింది.

2. రేవు ఆగితే ముందుగా ఆగేవి వంటగ్యాసు, పెట్రోలు, బొగ్గు. విశాఖలో కొండ అడుగున తొలిచిన గుహలో 60,000 టన్నుల ఎల్పీజీ నిల్వ ఉంటుంది. దేశపు వ్యూహాత్మక ముడి చమురు నిల్వల్లో 13.3 లక్షల టన్నులకు చోటు ఇక్కడే ఉంది. ఈ రెండింటికీ సరుకు సముద్రం మీదనే రావాలి. ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గు విదేశాల నుంచి ఓడల్లోనే వస్తుంది. భారతదేశపు వాణిజ్యంలో పరిమాణం ప్రకారం 95 శాతం సముద్ర మార్గాన సాగుతుందని ప్రభుత్వమే చెబుతుంది. కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం రేవుల్లో కూలీలు, లారీ డ్రైవర్లు, గోదాముల్లో మూటలు మోసేవారు ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకొని బతికేవారు. వారం రోజులు ఓడ రాకపోతే వాళ్లకు జీతం ఇచ్చేవారు లేరు.

3. బీమా. యుద్ధ ప్రమాదం ఉన్న జలాల్లోకి వచ్చే ఓడకు అదనపు ప్రీమియం వసూలు చేస్తారు. ఆ ఖర్చు ఓడ యజమాని జేబులోంచి పోదు. ఎరువు బస్తా మీద, నూనె డబ్బా మీద పడి రైతుకూ గృహిణికీ చేరుతుంది. 1984లో ఎర్ర సముద్రంలో దాదాపు 19 నౌకలు మైన్ల వల్ల దెబ్బతిన్నాయి. వాటిని పరచినది యుద్ధనౌక కాదని, ఒక సరుకు ఓడ అయి ఉంటుందని నిపుణులు తేల్చారు. ఎవరు చేశారో పూర్తిగా రుజువు చేయడం సాధ్యం కాని ఆయుధం ఇది. మనతో యుద్ధం ప్రకటించని వాడు కూడా దీన్ని వాడగలడు.

4. మత్స్యకారుల సంగతి ఎవరూ మాట్లాడరు గనుక కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజులు ముందే తెలుసు. ఇల్లు ఎలా నడపాలో ముందే లెక్క వేసుకుంటారు, ప్రభుత్వ భృతి కూడా అందుతుంది. మైన్ల భయంతో సముద్రం మూసివేస్తే అది ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. తెగిపోయిన మైను ప్రవాహంతో కొట్టుకుపోతుంది. 2022లో నల్ల సముద్రంలో ఉక్రెయిన్ తీరాన పరచిన మైన్లలో కొన్ని తెగి టర్కీ, రొమేనియా తీరాల దాకా వెళ్లాయి. వాటిలో ఒకటి ఇస్తాంబుల్ దగ్గర బాస్ఫరస్ జలసంధి ముఖద్వారం వద్దే కనిపించింది. ఆ రెండు దేశాలూ బల్గేరియాతో కలిసి 2024లో మైన్లు తొలగించే ఉమ్మడి దళాన్ని పెట్టుకోగలిగాయి, ఎందుకంటే వారి దగ్గర అందుకు నౌకలున్నాయి. ఇక అడుగున ఉన్నవి దశాబ్దాల తరువాత కూడా చంపుతాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు ఒకటి 2005లో ఉత్తర సముద్రంలో డచ్చి పడవ వలలో చిక్కి, డెక్కు మీద పేలి, ముగ్గురు జాలర్లను బలితీసుకుంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రుతో మెత్తబడిన మన అడుగు నేలలో ఇటువంటివి కూరుకుపోతే, వలకు తగిలేదాకా కనబడవు. వల లాగేవాడికి అది రాయి బరువో ఇనుము బరువో చేతికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. భీమిలి, ఉప్పాడ, అంతర్వేది, నిజాంపట్నం జాలర్ల ఇళ్లలోని ఆడవాళ్లను అడగండి, సముద్రం మీదికి వెళ్లినవాడు తిరిగి వస్తాడా అన్న ప్రశ్న ఇప్పటికే ఎంత పెద్దదో చెబుతారు.

5. అండమాన్ నికోబార్ దీవుల ప్రజలు తిండి గింజలకూ మందులకూ ఓడల మీద ఆధారపడి ఉన్నారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) ఓడ ఎక్కే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

6. ఖర్చు లెక్క చూసినా ఆలస్యం మనకే నష్టం. 1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా నౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ ఒక మైనుకు తగిలి రెండు ముక్కలయ్యే పరిస్థితికి వచ్చింది. ఆ మైను 1908 నాటి రష్యన్ నమూనా మీద తయారైనది. నౌకను బాగుచేయడానికి దాదాపు 9 కోట్ల డాలర్లు ఖర్చయింది. మూడేళ్ల తరువాత, 1991 ఫిబ్రవరి 18న, అదే గల్ఫ్‌లో కొద్ది గంటల తేడాతో ట్రిపోలీ, ప్రిన్స్‌టన్ అనే రెండు పెద్ద నౌకలు మైన్ల మీదికి వెళ్లాయి. ప్రపంచంలోనే అతిపెద్ద నౌకాదళానికి అది జరిగింది.

పొరుగు దేశాల పరిస్థితి కూడా చూడండి. పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్స్ రూపకల్పన చేసిన మున్సిఫ్ తరగతి మైన్ హంటర్లు 1990ల నుంచి ఉన్నాయి. 1971 యుద్ధం ముగిశాక బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ రేవును పాకిస్తాన్ పరచిన మైన్ల నుంచి, మునిగిన ఓడల నుంచి విడిపించే పనిలో మన నౌకాదళం పాలుపంచుకుంది. 1972 నుంచి 1974 వరకు సోవియట్ నౌకాదళం అక్కడ ఉండి ఆ పని పూర్తి చేసింది. కొత్తగా పుట్టిన ఒక దేశానికి అన్నం చేరడానికి రేవు తెరవడం ఎంత ముఖ్యమో, అది ఎంత కాలం తీసుకుంటుందో అప్పుడు దగ్గర నుంచి చూసిన వాళ్లం మనం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. మైన్లు తయారు చేయడంలో మన దేశం వెనుకబడి లేదు. విశాఖలోని నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ రూపొందించిన, అనేక సంకేతాలను పసిగట్టే అడుగు మైనును 2025 మే నెలలో విజయవంతంగా పరీక్షించారు. దాని తయారీలో విశాఖలోని భారత్ డైనమిక్స్‌కూ, హైదరాబాదులోని ఒక సంస్థకూ భాగం ఉంది. అదే లేబొరేటరీ మైన్లను వెతికే చిన్న స్వయంచాలక జలాంతర వాహనాలను కూడా తయారు చేసింది. మెదడు ఉంది, చేయి ఉంది, కర్మాగారం ఉంది. వాటన్నిటినీ మోసుకొని సముద్రం మీదికి వెళ్లే నౌక మాత్రం లేదు. ఈ వాహనాలు ఉన్నాయి గనుక ఇక నౌకలు అక్కరలేదని వాదించేవారు ఉన్నారని విన్నాను. అనుభవంతో చెబుతున్నాను, వాహనం ఎంత తెలివైనదైనా దాన్ని దించి, ఎత్తి, అది తెచ్చిన బొమ్మలను చదివి, నిర్ణయం తీసుకొని, రోజుల తరబడి అక్కడే నిలిచి పనిచేయడానికి ఒక వేదిక కావాలి. అది మైన్ల మధ్య బతికి బయటపడగలిగేదై ఉండాలి.

మనుషుల సంగతీ అంతే. మైన్లు తొలగించడం పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదు. సోనార్ తెర మీద ఒక మచ్చను చూసి అది ఏమిటో చెప్పగలగడానికి సంవత్సరాలు పడుతుంది. రేవు ముందు అడుగు నేలను శాంతికాలంలోనే పదే పదే చూసి, ఎక్కడ ఏ రాయి ఉందో గుర్తు పెట్టుకుంటేనే యుద్ధకాలంలో కొత్తగా వచ్చిన వస్తువు కనబడుతుంది. నాట్యా నౌకల మీద ఈ విద్య నేర్చినవారు పదవీ విరమణ చేసి వెళ్లిపోతున్నారు. కొత్త నౌకలు వచ్చేసరికి వాటి మీద నేర్పేవారు మిగలకపోతే, పరికరాలు కొన్న దేశమే అవుతాం గాని విద్య వచ్చిన దేశం కాము.

కాబట్టి మా విజ్ఞప్తులు ఇవి. మొట్టమొదటగా, 2025 జూలైలో ఆమోదించిన పన్నెండు నౌకల విషయంలో టెండరు, ఒప్పందం, తొలి నౌక నిర్మాణ ప్రారంభం, తొలి నౌక అప్పగింత అనే నాలుగు మెట్లకూ తేదీలు నిర్ణయించి, ఆ తేదీలను పార్లమెంటు ముందు ఉంచండి. గడువు తప్పినప్పుడల్లా కారణం కూడా సభకు చెప్పండి. రెండు సార్లు రద్దు అయిన పనికి ఇది తప్పనిసరి. సాంకేతిక బదిలీ మీదనో ధర మీదనో చర్చలు మళ్లీ తెగకపోతే, మొత్తం ప్రక్రియను మొదటికి తీసుకుపోకుండా మొదటి రెండు మూడు నౌకలైనా ముందు వచ్చే ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి.

ఆ నౌకలు వచ్చేవరకు తాత్కాలికంగా స్నేహదేశాల నుంచి వాడిన మైన్ హంటర్లను అద్దెకో కొనుగోలుకో తెచ్చుకునే అవకాశాన్ని పరిశీలించాలి. యూరప్‌లో అనేక నౌకాదళాలు తమ పాత మైన్ హంటర్లను తీసివేసి కొత్తవి కట్టుకుంటున్నాయి. వాటి వయసు చూసి ముఖం చిట్లించవద్దు. మన సిబ్బంది చేతులు పని మరచిపోకుండా ఉండటానికైనా అవి ఉపయోగపడతాయి.

పాత మైన్‌స్వీపర్ల మీద పనిచేసిన నావికులను, డైవర్లను శిక్షకులుగా పిలవండి. జీతం గురించి ఎవరూ బేరమాడరని నేను హామీ ఇవ్వగలను. విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు కొత్త నౌకల్లో తగిన వాటా ఇవ్వండి. అణు జలాంతర్గాములు కూడా ఈ తీరం నుంచే సముద్రంలోకి వెళ్తాయి గనుక ఈ కోరిక ప్రాంతాభిమానంతో చేసినది కాదు. రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి, సముద్రం మూసివేయవలసి వస్తే మత్స్యకారులకూ రేవు కూలీలకూ ఏ రోజు నుంచి ఎంత భృతి చెల్లించాలో ఇప్పుడే నిర్ణయించి ఉత్తర్వులు జారీ చేయించండి. అనుమానాస్పదమైన వస్తువు వలలో పడితే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో తెలుగులో చెప్పే శిక్షణ ప్రతి మత్స్యకార గ్రామంలో జరగాలి. వల తాడు కోసి వదిలేసి దూరంగా పోవాలన్న ఒక్క సంగతి తెలిసినా ప్రాణాలు మిగులుతాయి.

పార్లమెంటు సభ్యులకు ఒక మాట. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తీరాల నుంచి గెలిచినవారు పార్టీలు ఏవైనా ఈ ఒక్క ప్రశ్నను కలిసి అడగాలి. మీరు సభలో వేసే ఒక ప్రశ్నకు వచ్చే లిఖితపూర్వక జవాబు మా వినతిపత్రాలన్నిటికంటే విలువైనది.

కట్టబోయే పన్నెండు నౌకల్లో ఒకదానికి కాకినాడ అనే పేరు, మరొకదానికి భీమునిపట్నం అనే పేరు పెట్టమని కూడా కోరుతున్నాను. ఆ పేర్లు మైన్‌స్వీపర్లకు ముందు నుంచీ ఉన్నవే.

ఈ లేఖలోని విషయాలపై రక్షణ శాఖ లిఖితపూర్వకమైన సమాధానం ఇచ్చి, దాన్ని ప్రజలు చదవగలిగేలా బహిరంగంగానే ప్రకటించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం తీరవాసి, మాజీ నావికుడు